ముత్తాతల జాడ తీయాలంటే ఏ ఆఫీసు మేలు?

తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్పాలి. మూడో పేరు దగ్గర మా నాన్న ఏటా తడుముకునేవారు. మా తాతకు తాత పేరు వెంకయ్య అని నాన్న, కాదు వెంకటస్వామి అని మేనత్త. ఈ తగువు తేలుద్దామని కాగితాల వెంట పడ్డాను. తిరిగి తిరిగి తెలుసుకున్నది ఒకటే: భూమో ఇల్లో ఉన్న కుటుంబమైతే ముందు వెళ్లాల్సింది మునిసిపల్ ఆఫీసుకి కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి.

అందరూ మొదట జనన మరణాల రిజిస్టరే గుర్తు తెచ్చుకుంటారు. నేనూ అంతే. ముత్తాత మరణం నమోదై ఉంటే పక్కన ఆయన తండ్రి పేరు ఉంటుంది కదా అనుకున్నాను. కౌంటర్లో "ఏ సంవత్సరం?" అన్నారు. "యుద్ధం రోజుల్లో పోయాడట" అని మా ఇంట్లో చెప్పుకునే మాట అక్కడ పనికిరాదు. మూడేళ్లు ఎంచుకుని ఫీజు కట్టాను. 'రికార్డు లభ్యం కాలేదు' అన్న సర్టిఫికెట్ చేతిలో పెట్టారు.

జననాలతో ఇంకో చిక్కు. పురుడైన కొద్ది రోజులకే నమోదు చేయిస్తారు, పేరేమో బారసాలకి పెడతారు. ఆ తర్వాత మళ్లీ వెళ్లి పేరు రాయించేదెవరు? పాత పుటల్లో చాలాచోట్ల 'మగ' అనో 'ఆడ' అనో ఉంటుంది, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, బిడ్డ పేరు గడి ఖాళీ. పైగా తొలి కానుపు పుట్టింట్లో. తాత పుట్టిన తేదీ కావాలంటే తాత ఊరు కాదు, ఆయన అమ్మమ్మగారి ఊరు వెతకాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లోనే దీనికి చట్టం ఉన్నా, దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. కచ్చితమైన తేదీ కావాలంటే మాత్రం ఈ రిజిస్టరుకి సాటి లేదు. బంధుత్వాలు కావాలంటే ఇది చాలదు.

దస్తావేజు సంగతి వేరు. ఎవరి కొడుకు, వయసెంత, వృత్తేమిటి, కాపురం ఎక్కడ, అన్నీ రాయకపోతే అది చెల్లదేమో అన్నట్టు రాసేవారు పాతకాలపు లేఖరులు. మా ముత్తాత అన్నదమ్ములు 1926లో రాసుకున్న పంపకాల దస్తావేజు నకలు తీయించాను. రెండో పంక్తిలోనే ఉంది: 'వెంకటస్వామి అను వెంకయ్య గారి కుమారులము'. నాన్నా మేనత్తా ఇద్దరూ గెలిచారు. అంతకంటే నన్ను ఆపింది కింద ఒక వాక్యం. 'మా ఆడపడుచు సుబ్బమ్మకు పసుపు కుంకుమల నిమిత్తం' అరెకరం విడిచిపెట్టారు. ఈ సుబ్బమ్మ పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆమె కాపురమున్న ఊరి పేరు కూడా అందులోనే దొరికింది.

వెతికే పద్ధతి కష్టమేం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్స్-1 మనుషుల పేర్ల మీద, ఇండెక్స్-2 ఆస్తి మీద ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజుల ఇండెక్స్‌లు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలూ అడగొచ్చు. వీలునామా అయితే రాసినవారు పోయాకే బయటివాళ్లకి నకలు ఇస్తారు. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి, సర్వే నంబరు దగ్గరుంటే పని సులువు.

ఆ సర్వే నంబరు కోసమే రెవెన్యూ రికార్డు. ఆంధ్రలో అడంగల్ (ఏ పొలం ఎవరిదో, ఎవరి సాగులో ఉందో ఏటా రాసే లెక్క), ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), తెలంగాణలో సేత్వార్ (సర్వే నాటి భూముల జాబితా), అడంగల్ లాంటిదే అయిన 1954-55 ఖాస్రా పహాణీ. పాత రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు మన లెక్క వస్తుంది. నిజాం నాటివి ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టే మనిషి కావాలి. వీటిలో పట్టాదారు పేరు, తండ్రి పేరు తప్ప చుట్టరికాలు ఉండవు. చనిపోయి ముప్పై ఏళ్లయినా ఆ పేరే కొనసాగుతుంటుంది కాబట్టి, పహాణీలో పేరుందని మనిషి అప్పటికి బతికున్నాడని అనుకోకండి. ఊరి భూముల లెక్కలు రాసే కరణీకాలు రద్దయ్యింది 1984లో, మీ ఊరి పాత కరణం గారి వారసులుంటే ఓసారి పలకరించడంలో తప్పులేదు.

సెంటు భూమి లేని కుటుంబానికి ఈ రెండూ దండగే. వాళ్లకి బడి అడ్మిషన్ రిజిస్టర్ మేలు, పుట్టిన తేదీ మేస్టారు వేసిన లెక్క అయినా తండ్రి పేరూ ఊరూ నిజమైనవే. క్రైస్తవ కుటుంబాలకి చర్చి బాప్తిస్మ పుస్తకాలున్నాయి. ఇక 1860 నుంచి 1911 దాకా కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లినవాళ్ల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు కూడా రాశారు. విశాఖ వైపు నుంచి వెళ్లిన కూలీ ముని మనవడు డర్బన్‌లో కూర్చుని తన ముత్తాతకి మచ్చ ఎక్కడుందో చెప్పగలడు. మా వెంకటస్వామి పొలం ఎక్కడుందో నాకు తెలుసు కానీ, ఆయన ఎలా ఉండేవాడో ఏ కాగితంలోనూ లేదు.