హాలు గోడకు ఏది: గండికోట ఫొటోనా, కలంకారీనా?

ఊళ్లు తిరిగి వచ్చాక ఇంట్లో గోడ మరీ బోసిగా కనిపిస్తుంది.

ఖర్చు: ఫొటో ప్రింటు, ఫ్రేము చవకే. చేత్తో గీసిన శ్రీకాళహస్తి కలంకారీ అంత చవకగా రాదు. కరక్కాయ రసం, పాలలో నానిన గుడ్డ మీద, పాత ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగులో కలం ముంచుతూ గీయాలి మరి.

శ్రమ: కలంకారీని ఎంచుకుని కొనడమే పని. ఫొటోకు గండికోట దగ్గరి పెన్నా లోయలో ఎండ వాలేదాకా బండ మీద కూర్చోవాలి. నాకు ఆ కూర్చోవడమే ఇష్టం.

చిక్కు: 12 మెగాపిక్సెళ్ల ఫొటో, అంగుళానికి 300 చుక్కల లెక్కన, సుమారు 13×10 అంగుళాలే వస్తుంది. బాగా పెద్దది చేస్తే దగ్గర నుంచి మసకే. కలంకారీకి ఎండ సరిపడదు.

అద్దె ఇల్లు, చిన్న గోడ అయితే ఫొటో. నీడపట్టున పెద్ద గోడ ఉంటే కలంకారీ.