గ్రాఫుతో సహా ఇచ్చే హెచ్‌బీఏ1సీ రిపోర్టు: ఒక డయాగ్నస్టిక్ సెంటరుపై సమీక్ష

జనం ‘మూడు నెలల షుగర్ పరీక్ష’ అని పిలిచే హెచ్‌బీఏ1సీని మా అమ్మగారికి కొంతకాలంగా మా పేటలోని ఒక డయాగ్నస్టిక్ సెంటరులోనే చేయిస్తున్నాం. మిగతా చోట్లకన్నా రేటు కాస్త ఎక్కువే. అయినా అక్కడికే వెళ్లడానికి కారణం, ఫలితం కింద ఏ పద్ధతిలో కొలిచారో రాసి, రెండో పేజీలో క్రొమటోగ్రామ్ గ్రాఫును (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే గీతను) కూడా జతచేయడం. చాలా ల్యాబులు ఒక అంకె చేతిలో పెట్టి పంపేస్తాయి. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకునే ఆధారం మనకు మిగలదు.

ఇక్కడ వాడేది అయాన్ ఎక్స్ఛేంజ్ హెచ్‌పీఎల్‌సీ, అంటే కాలమ్ అనే గొట్టం గుండా పంపి, విద్యుదావేశంలోని తేడాను బట్టి హిమోగ్లోబిన్ రకాలను విడదీసే పద్ధతి. హిమోగ్లోబిన్‌లోని బీటా అనే ప్రోటీన్ గొలుసు మొదట ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లానికి గ్లూకోజు అతుక్కుంటే ఆ అణువు ధనావేశం తగ్గుతుంది. అందువల్ల అది మామూలు హిమోగ్లోబిన్ కన్నా ముందే కాలమ్ దాటి వస్తుంది. గట్టిగా అతుక్కోకుండా, అప్పటి షుగరును బట్టి పెరిగి తగ్గే భాగం వేరే పీక్‌గా (గ్రాఫులో శిఖరంలా లేచే గీతగా) విడిపోతుంది కనుక, పరీక్షకు కాసేపటి ముందు తిన్న మిఠాయి లెక్కలో చేరదు. అంతకన్నా ముఖ్యంగా, హిమోగ్లోబిన్ ఎస్ (సికిల్ సెల్‌కు కారణమయ్యేది), డి వంటి పుట్టుకతో వచ్చే వేరే రకాలు ఉంటే గ్రాఫులో అదనపు పీక్ రూపంలో బయటపడే అవకాశం ఉంది. ఇటువంటి రకాలు కొన్ని పద్ధతుల్లో హెచ్‌బీఏ1సీ అంకెను తప్పుదారి పట్టించవచ్చు కనుక, సికిల్ సెల్ జన్యువు కనిపించే ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. యాంటీబాడీలతో కొలిచే ఇమ్యునోఅస్సే అటువంటి రకం ఉందని చెప్పదు. గ్లూకోజు అతుక్కున్న హిమోగ్లోబిన్‌ను రసాయనికంగా పట్టి వేరుచేసే బోరోనేట్ అఫినిటీ పద్ధతి ఈ రకాల వల్ల పెద్దగా తడబడదు గానీ, అదీ వాటి ఉనికిని చూపించదు.

ఫలితాన్ని శాతంలోనే కాక మిల్లీమోల్/మోల్ అనే మరో కొలమానంలోనూ ఇస్తారు. 6.5 శాతమంటే 48 అన్నమాట. బ్రిటన్‌లో ఉండే బంధువులకు రిపోర్టు పంపేటప్పుడు ఇది పనికొస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేకపోయినా, రిసెప్షన్‌లో ఏమీ తినకుండా రమ్మన్నారు. అంతకన్నా ఇబ్బందికరమైనది మరొకటి: అదే రోజు చేసిన రక్తపరీక్షలో అమ్మగారికి హిమోగ్లోబిన్ తక్కువని తేలింది. ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు; రెండు ఫలితాలపైనా ఒకే పాథాలజిస్టు సంతకం ఉన్నా, ఆ ముక్క ఎక్కడా రాయలేదు. హిమోగ్లోబిన్‌పై ఆధారపడకుండా గత రెండు మూడు వారాల షుగరును సూచించే ఫ్రక్టోసమీన్ పరీక్ష ఉందని కూడా మేము అడిగిన తర్వాతే చెప్పారు. దానికి నమూనాను బయటి ల్యాబుకు పంపుతారట.