మిర్చి చేనుకి వెంచురీ పెట్టించాం, బాగా పనిచేస్తోంది
గుంటూరులో డ్రిప్ సామాన్ల షాపులో వెంచురీ (కరిగించిన ఎరువుని పీల్చి డ్రిప్ నీళ్ళలో కలిపే పరికరం) కొని మా మిర్చి చేనుకి బిగించి రెండు నెలలైంది అండి, నాకైతే బాగా నచ్చింది. ఇంతకుముందు 45 కిలోల యూరియా బస్తా ఒకేసారి చల్లేసి నీళ్ళు పెట్టేవాళ్ళం, కొంత గాల్లో కలిసిపోయేది, కొంత నీళ్ళతో పాటు కిందకి దిగిపోయేది, మొక్కకి అందేది తక్కువే. ఇప్పుడు అదే బస్తాని వారానికి ఇంతని డ్రమ్ములో కరిగించి డ్రిప్‌లో వదుల్తుంటే నత్రజని నేరుగా వేరు దగ్గరికే పోతోంది, చేనంతా ఒకేలా పచ్చగా ఉంది, నీళ్ళు కూడా కలిసొస్తున్నాయి. ఫిల్టర్ విడిగా కొనాలని షాపులో చెప్పలేదు, డ్రిప్పర్లు పూడుకుపోయాక తెలిసి బాధేసింది. మోటారు ప్రెజర్ చాలకపోతే వెంచురీ పీల్చదు, ముందే చూసుకోండి. డీఏపీ ఎరువు మాత్రం కలపొద్దు, పూర్తిగా కరగదు. యూరియా అయ్యాక 10 నిమిషాలు ఉత్త నీళ్ళు వదలండి.