గర్భం రాకుండా వేసుకునే పిల్స్ గురించి చాట్‌బాట్‌ని అడగొచ్చా? నాలుగు నెలలు వాడాక నా మాట

రాత్రి పదకొండున్నరకి చూసుకుంటే షీట్‌లో రెండు రోజుల మాత్రలు అలాగే ఉండిపోయాయి. ఒకటే టెన్షన్. ఆ టైంలో డాక్టర్‌కి ఫోన్ చేయలేను, ఇంట్లో అడగలేను, అందుకని ఏఐ చాట్‌బాట్‌ని అడిగాను. ఆఖరున మర్చిపోయిన మాత్ర ఇప్పుడే వేసుకోమంది, అంతకు ముందుది వదిలేయమంది, మళ్లీ వరసగా ఏడు రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ తప్పనిసరి అంది. షీట్‌లో ఎన్నో వారమని కూడా అడిగింది, ఎందుకంటే మూడో వారమైతే గ్యాప్ ఇవ్వకుండా కొత్త షీట్ మొదలుపెట్టాలి. మర్నాడు డాక్టర్ కూడా ఇదే చెప్పారు.

కలయిక తర్వాత వేసుకునే ఎమర్జెన్సీ పిల్ అబార్షన్ మాత్ర కాదని, అది అండం విడుదలను ఆపుతుందని, అప్పటికే గర్భం వచ్చి ఉంటే పనిచేయదని ఎంత ఓపికగా చెప్పిందో! పెళ్లయిందా అని అడగలేదు, క్లాస్ పీకలేదు. ఆడవాళ్లకి ఆ మర్యాద ఎంత అవసరమో నాకు తెలుసు.

కానీ నా ఫ్రెండ్ విషయంలో భయమేసింది. "నాకు ఏ పిల్ మంచిది?" అని అడిగితే చక్కగా టేబుల్ వేసి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మామూలు పిల్స్‌ని ముందు పెట్టింది. తనకి మైగ్రేన్ వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయి. అలాంటివాళ్లు ఈ పిల్స్ వేసుకోకూడదు, స్ట్రోక్ ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ ముందే అడిగే ప్రశ్న ఇది, చాట్‌బాట్ మాత్రం అడగలేదు. మేము చెప్పాక వెంటనే మాట మార్చింది, అంటే దానికి తెలుసు, అడగాలని తోచలేదంతే.

అందుకే మీరే ముందు అన్నీ రాయండి: వయసు, బీపీ, సిగరెట్ అలవాటు, మైగ్రేన్, బిడ్డకి పాలిస్తున్నారా, వేరే మందులేమైనా వాడుతున్నారా. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమాజెపైన్ లాంటివి పిల్ పనిచేయకుండా చేస్తాయి. వాడే పిల్ పేరు కూడా రాయండి, ప్రొజెస్టిన్ అనే హార్మోన్ ఒక్కటే ఉన్న పాత రకాల్లో మూడు గంటలు ఆలస్యమైనా మాత్ర మిస్సయినట్టే లెక్క. మీ పేరు మాత్రం పెట్టకండి, చాట్ హిస్టరీ ఆఫ్ చేసుకోండి.

నా రేటింగ్ 5కి 3. ఫ్రెండ్ డాక్టర్‌తో మాట్లాడి, హార్మోన్లు లేని కాపర్ టీ వేయించుకుంది, పదేళ్ల దాకా పనిచేసే రకం.