ప్రార్థనా మందిరాల రక్షణ శిక్షణ: మా సేవాదళం అనుభవం

మా మందిరం గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లను పలకరించే పని నాది. దాడి జరిగితే ముందు ఎదురయ్యేది నేనే. అందుకే ఈ శిక్షణ కోసం కమిటీ దగ్గర పట్టుబట్టాను.

శిక్షకురాలు వీరగాథలతో కాదు, తలుపులతో మొదలుపెట్టారు. ఏది ఎటు తెరుచుకుంటుంది? దేనికి తాళం ఉంది? మాలో చాలామంది తెల్లమొహం వేశారు. ముందు తప్పుకోవాలి, కుదరకపోతే దాక్కోవాలి, ఏ దారీ లేనప్పుడే తిరగబడాలి అన్నారు. దానికి రెండు నిజ ఘటనలు చెప్పారు. 2022 జనవరి 15న టెక్సస్‌లోని కోలీవిల్ యూదు మందిరంలో రబ్బీ (యూదు మతగురువు) చార్లీ సైట్రన్ వాకర్ గంటల తరబడి తుపాకీ ముందు ఓపిక పట్టి, అదను చూసి ఆగంతకుడి మీద కుర్చీ విసిరి, మరో ఇద్దరితో బయటపడ్డారు. ముందే తీసుకున్న శిక్షణ వల్లే బతికామని ఆయనే చెప్పారు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో లిన్‌వుడ్ మసీదు దగ్గర అబ్దుల్ అజీజ్ చేతికందిన, కార్డుతో డబ్బు చెల్లించే మెషీన్‌తోనే హంతకుడికి ఎదురెళ్లారు. ఈ రెండూ విన్నాక మా కుర్చీల వరుసలు నాకు వేరేగా కనిపించాయి.

అన్నిటికన్నా విలువైనది రక్తస్రావం ఆపే పాఠం. చేతికో కాలికో గాయమైతే టూర్నికే పట్టీని గాయానికి రెండు మూడు అంగుళాల ఎగువన, గుండె వైపు, కీలు మీద పడకుండా, రక్తం ఆగేదాకా బిగించాలి. కట్టిన టైము రాసిపెట్టాలి. అందరిచేతా కట్టించి చూశారు.

లోటు ఒక్కటే, కానీ పెద్దది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను, చంటిపిల్లలను ఎలా తరలించాలో హడావుడిగా ముగించేశారు. మీరు పిలిపిస్తే ఆ భాగానికి విడిగా సమయం కావాలని ముందే అడగండి.