కుక్కల ప్రొజెస్టిరాన్ కిట్ కొనేముందు ఇది చదవండి

రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ కొలిచి ఆడకుక్కకు క్రాసింగ్ (మగకుక్కతో కలపడం) రోజు ఇంట్లోనే తేల్చుకోవచ్చంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చవక రీడరు, స్ట్రిప్పుల కిట్ నమ్మదగ్గది కాదు. కొని, వాడి చూసి చెబుతున్న మాట. ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది, కాబట్టి పేరు కాదు, లక్షణాలు చూసుకోండి.

మగకుక్కకైనా, హీట్ (ఎద) ఇంకా మొదలుకాని ఆడకుక్కకైనా రక్తంలో ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు 1 నానోగ్రాము దాటకూడదు. ఈ కిట్‌లో మగకుక్క సీరం (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవం) వేస్తే 4.8 వచ్చింది. అదే సీరం మళ్లీ వేస్తే 2.1! ఆడకుక్కలో అండాలు విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగేది ప్రొజెస్టిరాన్ 2 దగ్గర, అండాలు విడుదలయ్యేది 4 నుంచి 8 మధ్య. విడుదలైన అండాలు పక్వానికి రావడానికి ఇంకో 2, 3 రోజులు పడుతుంది. అంటే 2కీ 5కీ తేడా తెలియని మిషను చేతిలో ఉంటే ఆ హీట్ పోయినట్టే, మళ్లీ ఆరేడు నెలలు ఆగాలి.

పెట్టెలోనే తేడా కనిపిస్తుంది. రీడరుకు స్ట్రిప్పు లెక్క చెప్పే క్యాలిబ్రేషన్ చిప్ మీద లాట్ (తయారీ బ్యాచ్) నంబరు ఒకటి, స్ట్రిప్పు కవరు మీద ఇంకొకటి. రెండూ ఒకటే ఉండాలి. కవరు మీద 4–30 డిగ్రీల మధ్య ఉంచమని రాసి ఉంది, వచ్చింది మాత్రం మే నెలలో, ఐస్ ప్యాక్ లేకుండా మామూలు అట్టపెట్టెలో. రెంటచింతల ఎండల్లో కొరియర్ వ్యానులో రెండు రోజులు తిరిగిన స్ట్రిప్పు ఏం చెబుతుంది! ఇక ఎలా వాడాలో చెప్పే కాగితంలో రాసింది పూర్తిగా తలకిందులు. ఈ రకం స్ట్రిప్పుల్లో టెస్ట్ గీత ముదురుగా ఉంటే హార్మోన్ తక్కువ, వెలిసిపోతే ఎక్కువ. వాళ్లేమో ‘ముదురు గీత వస్తే క్రాసింగ్ చేయించండి’ అని అచ్చువేశారు.

మూత్రంతో చూసే స్ట్రిప్పులైతే అసలు ముట్టుకోకండి, అవి ఆడవాళ్ల కోసం తయారుచేసినవి. కుక్కల్లో ప్రొజెస్టిరాన్ విరిగి ఎక్కువగా మలంలో పోతుంది. మనుషుల ఎల్‌హెచ్ స్ట్రిప్పులూ అంతే, ఎల్‌హెచ్ జాతిని బట్టి మారే ప్రొటీను. ప్రొజెస్టిరాన్ అణువు మాత్రం మనిషికీ కుక్కకీ ఒకటే, అందుకే సీఎల్‌ఐఏ (రసాయన కాంతితో హార్మోన్ కొలిచే) మిషను ఉన్న మామూలు డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేయించినా పనికొస్తుంది.

అక్కడా ఒక మెలిక ఉంది. పసుపు మూత జెల్ ట్యూబులో రక్తం తీస్తే జెల్ కొంత ప్రొజెస్టిరాన్‌ను పీల్చుకుని అంకె తగ్గి వస్తుంది. ఎర్ర మూత ప్లెయిన్ ట్యూబే అడగండి, 2–3 మిల్లీలీటర్లు చాలు. గడ్డకట్టగానే ల్యాబు మిషనులో వేగంగా తిప్పించి సీరం వేరు చేయించండి. రక్తాన్ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పంపితే అంకె పడిపోతుంది. రిపోర్టులో యూనిట్ కూడా చూడండి: మిల్లీలీటరుకు 5 నానోగ్రాములంటే లీటరుకు దాదాపు 16 నానోమోల్స్. 16 చూసి ఆలస్యమైపోయిందని కంగారుపడేవాళ్లు ఉన్నారు.

రక్తస్రావం మొదలైన 5–7వ రోజు నుంచి రోజు విడిచి రోజు, 2 దాటాక రోజూ చేయించండి. ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే మిషను మీద చేయించాలి. ఒక మిషను 5 అన్నది ఇంకో మిషను మీద 7 రావచ్చు. పక్కన వెట్ చేత వజైనల్ స్మియర్ (యోని కణాల పరీక్ష) కూడా చూపించుకుంటే ఖర్చు తక్కువ, ధీమా ఎక్కువ.

ఇంకో అబద్ధం: ‘ఇదే కిట్‌తో చూలు కూడా తెలుస్తుంది’ అంటున్నారు. తెలియదు. చూలు కట్టినా కట్టకపోయినా రెండు నెలల పాటు ప్రొజెస్టిరాన్ ఎక్కువగానే ఉంటుంది. దానికి రిలాక్సిన్ (చూలు కడితేనే పెరిగే హార్మోన్) పరీక్షో స్కానింగో చేయించాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఒక మగకుక్క సీరం, హీట్ అయిపోయి మూడు వారాలైన ఆడకుక్క సీరం వేసి చూడండి. మొదటిది 1 లోపు, రెండోది 10 పైన రావాలి. రాకపోతే రెండు లాట్ నంబర్లూ, రీడర్ తెరా ఒకే వీడియోలో కనబడేలా తీసి రిటర్న్ గడువు దాటకముందే పెట్టేయండి. స్ట్రిప్పు కవర్లు పారేయకండి, వాపసుకి అవే అడుగుతున్నారు.