ప్రహ్లాద నాటకమా, బుర్రకథా? ఒకే శనివారం రెండూ పెట్టారు

బరంపురంలో మన వీధి కళాకేంద్రం వాళ్లు వచ్చే నెల రెండు ప్రోగ్రాములు ఒకే సాయంత్రం పెట్టారు, ఎవరి ఐడియానో గానీ. హాల్లో బుర్రకథ, వెనక మైదానంలో ప్రహ్లాద నాటకం.

ప్రహ్లాద నాటకం ఒడిశాలోని మన గంజాం జిల్లా సొత్తు. దాన్ని రాయించిన ఘనత జలంతర రాజుగారిదంటారు, ఆ జలంతర ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది కాబట్టి మనకూ అందులో వాటా ఉన్నట్టే. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ గెంతుతుంటే, పక్కన గాహకుడు పాడుతూ మొత్తం నడిపిస్తుంటే, సన్నాయిలాంటి ముఖవీణ మోగుతుంటే కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. నరసింహుడి ముఖాన్ని పూజ చేశాకే కట్టుకుంటారు, ఆ వేషగాడికి పూనకం వస్తే ఇద్దరు ముగ్గురు పట్టుకోవాలి. పాటలు ఎక్కువగా ఒడియాలోనే ఉంటాయి, కథ మాత్రం అందరికీ తెలిసిందే. ఇబ్బంది ఒకటే, రాత్రంతా సాగుతుంది.

బుర్రకథ వేరు. ముగ్గురే మనుషులు: తంబురా పట్టిన కథకుడు, గుమ్మెటలతో ఇద్దరు వంతలు, వాళ్లలో ఒకరు హాస్యం, ఒకరు ఊరి రాజకీయం. రెండు గంటల్లో అయిపోతుంది. ఒడియా మీడియం పిల్లలకు తెలుగు చెవిన పడాలంటే ఇదే మేలు, తందాన తాన అనమంటే వాళ్లే ముందు అంటారు.

మా అత్తయ్య మాత్రం నరసింహుణ్ణి వదలదట. నేనైతే పిల్లల్ని బుర్రకథకు తీసుకెళ్లి, ఇంట్లో దింపేసి మైదానానికి వచ్చేస్తా. ఎలాగూ స్తంభం పగిలేది తెల్లవారుజామునే.